ఆరాం నై సార్

నేను బడిలో చెప్పే పాఠాల్లో ఒకటి నాకే నచ్చదు. ఆరోగ్యం మీద పెట్టే ఖర్చుకూ దేశం ఆర్థికంగా ఎదగడానికీ ఉన్న సంబంధం గురించిన పాఠం అది. మనిషి ఆరోగ్యంగా ఉంటే ఎక్కువ పని చేస్తాడు, ఎక్కువ పని చేస్తే దేశం ఎదుగుతుంది, దేశం ఎదిగితే ఆసుపత్రులు కడుతుంది, ఆసుపత్రులుంటే మనిషి ఆరోగ్యంగా ఉంటాడు. బోర్డు మీద హిందీలో ఒక పక్క 'స్వాస్థ్య్' అనీ, ఇంకో పక్క 'వికాస్' అనీ రాసి, మధ్యలో అటొక బాణం, ఇటొక బాణం గీస్తాను. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి, "మొదట ఏది సార్?" అని అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్న మాట నా నోటిదాకా వస్తుంది. కానీ దంతెవాడలో ఆ సామెత ఎవరికి చెప్పను? హిందీలోకి మార్చి చెబితే పిల్లలు నా పెళ్లి సంగతి అనుకుంటారు. అందుకని, రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి, రాసుకోండి అంటాను. వాళ్లు రాసుకుంటారు.

నాకు పెళ్లి కాలేదు. కాలేదంటే ఎవరో అడ్డుపడినట్టుంది, ఎవరూ అడ్డుపడలేదు. నేనే చేసుకోలేదు. మాది కిష్టారం అవతల, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు. ఊళ్లో సగం ఇళ్లలో తెలుగు, మిగతా సగం ఇళ్లలో దోర్లి. చిన్నప్పుడే హాస్టల్లో పడి హిందీలో చదువుకుని, హిందీలోనే ఉద్యోగం తెచ్చుకుని, ఈ ఊళ్లో బస్టాండు వెనక ఒక గదీ వంటిల్లూ అద్దెకు తీసుకుని ఏళ్లుగా ఉంటున్నాను. బడిలో హిందీ, కూరగాయల దగ్గర హల్బీ, ఇంటి యజమానురాలితో వచ్చీరాని గోండీ. గనుల వైపు ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లతో నాకు రాకపోకలు లేవు. పాలు పొంగితే 'అయ్యో' అనడానికీ, కాలికి రాయి తగిలితే 'అమ్మా' అనడానికీ తప్ప ఇక్కడ నా తెలుగుకు పని లేదు. సాయంత్రం మెస్సు నుంచి డబ్బా వస్తుంది. తిని, డబ్బా కడిగి గుమ్మంలో పెట్టి, వీధిలోకి చూస్తూ కూర్చుంటాను. దిగులుగా ఉంటుందా అని ఎవరైనా అడిగితే ఉంటుందనే చెబుతాను. ఎవరూ అడగరు.

అలాంటి ఇంటికి ఎండలు ముదరక ముందు మా అక్క వచ్చింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బావ చనిపోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. వాగు ఒడ్డున కాస్త పొలం ఉంది, అందులో వడ్లు పండిస్తుంది. ఇప్పపువ్వు ఏరుతుంది, తునికాకు కోస్తుంది. చలికాలం వెళ్లేసరికి ఊరివాళ్లతో కలిసి సరిహద్దు దాటి తెలంగాణ వైపు మిరప తోటల్లో కోతలకు పోతుంది. ఈసారి ఆ తోటలోనే కళ్లు తిరిగి సాళ్ల మధ్య పడిపోయింది. అంతకు ముందు వానాకాలమంతా మలేరియా వచ్చి పోయి, వచ్చి పోయి, ఒంట్లో రక్తం అనేది లేకుండా చేసింది. భద్రాచలం దగ్గరే గానీ, అక్కడ ఎవరింట్లో ఉండాలి? తోటి కూలీలు తీసుకొచ్చి కోంటాలో బస్సెక్కించారు. ఇక్కడ బస్సు మెట్టు దిగడానికి ఆమె నా భుజం పట్టుకుంది. నన్ను చంకనేసుకుని వాగు దాటించిన మనిషి. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

నా యోగక్షేమం కూడా అడక్కుండా, "తొలకరికల్లా లేస్తనారా తమ్ముడా?" అంది.

అక్క భయం నాకు తెలుసు. మా వైపు చాలా పొలాలకు సరైన కాగితాలుండవు. దున్నిన వాడిదే పొలం. తొలకరికి ఎవరు నాగలి కడితే ఆ ఏడు వాళ్లది, వరసగా కట్టుకుంటూ పోతే ఇక అడిగే దిక్కుండదు. అక్క పడిపోయిన సంగతి వినగానే బావ తమ్ముడు వచ్చి, "నీకు చేతగాకుంటే నేను దున్నుకుంటలే వదినా, నువ్వు రంది పెట్టుకోకు" అన్నాడట. ఆ మాటలో మర్యాద ఎంత ఉందో అక్కకు తెలుసు, నాకూ తెలుసు. తొలి వాన నాటికి ఆమె ఆ పొలంలో నిలబడి విత్తనం చల్లాలి. చల్లలేకపోతే ఆమెకంటూ ఊళ్లో ఏమీ మిగలదు.

మర్నాడు మా సందు చివరి చిన్న సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. ప్రహరీ గోడ మీద ఎర్రరంగుతో పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. అక్కకు హిందీ చదవడం రాదు, మాట్లాడటం అంతంత మాత్రం.

"ఏం రాసిన్రురా?"

"పహలా సుఖ్ నిరోగీ కాయా."

"నిరోగి కాయా? అదేం కాయరా? మన అడివిల ఎన్నడూ చూడలే."

కాయా అంటే ఒళ్లు అక్కా, రోగం లేని ఒళ్లే మొదటి సుఖం అని అర్థం, అన్నాను. "ఓసి, ఆరోగ్యమే మహాభాగ్యమన్నట్టా. నేనింకా కూరొండుకుంటరేమో అనుకున్న" అంది. వరసలో నిలబడలేక గోడకు చేరగిలబడి కూడా నవ్వింది. నేనూ నవ్వాను. వీధిలో నిలబడి తెలుగులో నవ్వి ఎంత కాలమైందో.

డాక్టరు కుర్రవాడు, ఉత్తరాది వైపు నుంచి కొత్తగా వచ్చాడు. నెమ్మదస్తుడు. రక్తం పరీక్ష చేయించి, ఎర్ర గోలీలు రాసి, కొన్నాళ్లపాటు వచ్చి కషాయం రంగు సీసాలు ఎక్కించుకోమన్నాడు. అన్నీ ఉచితమే. ఆయన గదిలోకి ఒక్కొక్క రోగినే రానిస్తారు. నాకా బోర్డు పరీక్షల పేపర్లు దిద్దే పని పడింది. ఉదయం అక్కను గుమ్మం దగ్గర దిగబెట్టి బడికి పరుగెత్తేవాణ్ణి. గుమ్మం నుంచి ఇల్లు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఆమె తిరిగి ఒక్కతే వచ్చేది.

గోలీలు పడ్డాక ఆమెను మంచం మీద ఉంచడం నా వల్ల కాలేదు. ముందు చీపురు పట్టింది, తర్వాత పొయ్యి పట్టింది, చివరికి మెస్సు డబ్బా మానిపించింది. "నీళ్లల్ల పప్పు కడిగి పోస్తున్నర్రా వాళ్లు" అంది. నేను బడిలో చెప్పే లెక్క ప్రకారం చూస్తే ఇది దేశానికి నష్టం. మెస్సువాడికి నేనిచ్చే డబ్బు జాతీయాదాయంలోకి వస్తుంది, అక్క పెట్టే చింతపండు చారు రాదు. అంటే మా అక్క వచ్చి ఈ దేశాన్ని కాస్త వెనక్కి లాగింది. ఆ మాట చెబితే, "మరి నేను తోటల మిరపకాయ కోస్తే?" అని అడిగింది. అది వస్తుందన్నాను. "జ్వరమొచ్చి పండుకుంటే?" పడుకోవడం రాదు గానీ నీకిచ్చే మందు వస్తుంది, నువ్వెక్కిన బస్సు వస్తుంది, అన్నాను. అక్క చాలాసేపు ఆలోచించి, "ఈ చదువు చెప్పనీకె నీకు జీతమిస్తున్నరా?" అంది.

అదే సాయంత్రం ఆమెకు నా రెండు బాణాల పాఠం కూడా చెప్పాను. ఒళ్లు బాగుంటే రాబడి, రాబడి ఉంటేనే ఒళ్లు బాగు అని ఇంకా పూర్తిచేయనే లేదు, "పిచ్చి కుదిరితేగాని పెండ్లి గాదు, పెండ్లయితేగాని పిచ్చి కుదరదు, గంతేగద" అంది. నా నోట్లో ఏళ్లుగా ఇరుక్కుపోయిన సామెత ఆమె నోట్లోంచి అంత తేలిగ్గా ఊడిపడింది. ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొయ్యి పొగ అనుకుందేమో, తలుపు తీసిపెట్టింది.

ఎండలు ముదిరాయి. అక్క బుగ్గల్లోకి రంగు వచ్చినట్టు నాకనిపించేది. ఎట్లుంది అక్కా అంటే, "మంచిగనే ఉంది" అనేది. నా ఇంట్లో భారంగా ఉన్నానని మొహమాటపడి అలా అంటోందనుకునేవాణ్ణి. ఎందుకంటే దవాఖాన నుంచి వచ్చే మాట వేరేగా ఉండేది. వెళ్లిన ప్రతిసారీ మందు పెరిగేది. గోలీలు మారేవి, ఇంకో సీసా ఎక్కేది, ఇంకో పరీక్ష రాసేవాడు. ఇంట్లో తగ్గిందంటుంది, దవాఖానలో తగ్గలేదని రాస్తున్నారు. చదువుకున్నవాణ్ణి కదా, రాసిందే నమ్మాను.

బడికి సెలవులిచ్చే వేళకు డాక్టరు జగదల్‌పూర్ పొమ్మన్నాడు. రక్తం పెరిగినా మనిషికి గుణం కనిపించడం లేదు, లోపల వేరే ఏదో ఉండొచ్చు, గుండె చూపించండి అని గుమ్మం బయటకు వచ్చి నాతోనే చెప్పాడు. వెళ్లాం. ఆ పెద్దాసుపత్రిలో అక్కను యంత్రాల కింద పడుకోబెట్టారు, తిప్పి పడుకోబెట్టారు, ఊపిరి బిగబట్టమన్నారు. ఎట్లా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, ఏమీ లేదు అని తేలింది.

ఏమీ లేదనడంతో అక్కకు బెంగ పట్టుకుంది. "ఏం లేకుంటే ఇన్ని మిషన్ల కింద ఎందుకేస్తరురా? దొరకని జబ్బన్నట్టు." తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మోడుబారిన అడవి మీద దూరంగా ఒక మబ్బు తునక కనిపిస్తే దాని వంకే చూసింది. ఇంటికి వచ్చాక అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు చీపురు పట్టలేదు, పొయ్యి వెలిగించలేదు. బాగున్న మనిషి నా కళ్ల ముందే రోగి అయిపోయింది. సాయంత్రం మరిది ఫోన్ చేసి, ఎద్దులు సిద్ధంగా ఉన్నాయి, నువ్వు నిమ్మళంగా వైద్యం చేయించుకో వదినా, అని చెప్పాడు. అక్క సరేనని మాత్రం అంది. ఫోన్ పెట్టేశాక ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ కాగితాలన్నీ పట్టుకుని మళ్లీ మా సందు చివరి దవాఖానకు వెళ్లాం. ఈసారి రాయ్‌పూర్ పంపుతాడేమోనని నా భయం. రాయ్‌పూర్ అంటే పోయి రావడమూ, అక్కడ పడి ఉండటమూ, ఈలోగా వానలు పడిపోవడమూ. బడి లేదు కాబట్టి, గుమ్మం దగ్గర మనిషిని బతిమాలి నేనూ లోపలికి వెళ్లాను.

డాక్టరు కాగితాలు తిరగేశాడు. అన్నీ బాగున్నాయన్నట్టు తలూపాడు. తర్వాత అక్క వైపు చూసి, చాలా దయగానే అడిగాడు.

"ఆరాం హై, అమ్మా?"

అక్క ఉలిక్కిపడింది. కూర్చున్నది కాస్తా సగం లేచింది. చేతులు కట్టుకుని గబగబా అంది: "నై సార్, ఆరాం నై. కుచ్ ఆరాం నై సార్."

డాక్టరు చూశావా అన్నట్టు నా వంక చూసి, నిట్టూర్చి, కలం తీశాడు.

ఆ చేతులు కట్టుకోవడం నేనెరుగుదును. చిన్నప్పుడు సెలవుల్లో అక్కతో మిరప తోటలకు నేనూ పోయాను. నడుము నొప్పి పుట్టి ఎవరైనా ఒక్క నిమిషం నిటారుగా నిలబడితే, గట్టు మీది నుంచి మేస్త్రి అరిచేవాడు, "ఏందే, ఆరాంగున్నవా?" అని. అంటే పని ఎగ్గొట్టి తీరిగ్గా ఉన్నావా అని. దానికి ఒకటే జవాబు. లేదు సార్, ఆరాం లేదు సార్. ఆ జవాబు ఆలస్యమైతే ఆ పూట కూలి పోయేది. డాక్టరు హిందీలో ఆరాం అంటే గుణం, నొప్పి తగ్గడం. మందు పని చేసిందా తల్లీ అని ఆయన వెళ్లిన ప్రతిసారీ అడుగుతున్నాడు. ఖాళీగా కూర్చున్నావా అని అడుగుతున్నాడనుకుని ఆమె ప్రతిసారీ ఒట్టు వేసినంత పనిచేసి కాదంటోంది. ఆమె కాదన్న ప్రతిసారీ ఆయన మందు పెంచాడు. ఆ ఒక్క మాట మీద సర్కారు ఎన్ని సీసాలు, ఎన్ని యంత్రాలు ఖర్చు పెట్టిందో! నా పాఠం ప్రకారం అదంతా వృద్ధి కిందికే వస్తుంది.

"అక్కా" అన్నాను. "ఆయన పని మాని కూసున్నవా అని అడుగుతలేడు. పానం బాగైందా అంటున్నడు."

అక్క నా వంక చూసింది, డాక్టరు వంక చూసింది.

"అట్లడగొచ్చు గద మరి! బాగై ఎన్నొద్దులాయె. కండ్లు తిరుగుడు లేదు, ఆయాసం లేదు. బిందెడు నీళ్లు తెస్తున్న. ఊరికే మందులిస్తున్నరు, ఆరాంగున్ననంటే, అయితే ఎందుకొచ్చినవు పో అంటరనుకున్న."

నేను హిందీలో చెప్పాను. డాక్టరు కలం కింద పెట్టి, రెండు చేతులతో తల పట్టుకుని నవ్వాడు. ఇంకొన్నాళ్లు గోలీలు వేసుకుంటే చాలు, అవి మీ ఊరి వైపు ఆరోగ్య కార్యకర్త దగ్గర దొరుకుతాయి, ఊరికి వెళ్లిపోవచ్చు అన్నాడు. నేను దాన్ని తెలుగులో అక్కకు చెప్పాలి. చెప్పాను. చెబుతుంటే నాకు సంతోషం కలగలేదని అనను. చాలా కలిగింది. కానీ ఆ వాక్యం పూర్తవుతుండగానే ఇంట్లో ఆమె చీర ఆరేసే తీగ గుర్తొచ్చింది, ఖాళీగా.

అక్క ఆ పూటే గిన్నెలన్నీ తోమి బోర్లించింది. చింతపండు ఉండలు చేసి డబ్బాలో పెట్టింది. బస్సు దగ్గర, "నువ్వు కూడా రారాదుర నాతోని, సెలవులే గద" అంది. మూల్యాంకనం డబ్బుల కోసం ఆఫీసు చుట్టూ తిరగాలి, ఏదో శిక్షణ ఉందంటున్నారు, అని ఏవో చెప్పాను. నిజానికి ఆ ఊళ్లో నేను చేయగల పనేమీ లేదు. దుక్కి రాదు, విత్తనం చల్లడం రాదు. ఆమెకు అడ్డంగా ఉంటాను. ఆమె బస్సు మెట్టు ఎక్కడానికి ఈసారి నా భుజం పట్టుకోలేదు. మూట తలకెత్తుకుని తనే ఎక్కి, కిటికీ దగ్గర సీటు పట్టింది. అది చూడాలనే కదా నేనింత తాపత్రయపడింది. చూసి ఇంటికి వచ్చాను.

బడి తెరిచారు. మొదటి వారంలోనే ఆ పాఠం ఎందుకు తీశానో నాకే తెలియదు. బోర్డు మీద బాణాలు గీశాను. కొత్త పిల్ల ఎవరో లేచి, మొదట ఏది సార్ అంది. ఈసారి సామెతను తెలుగులోనే చెప్పేశాను, మొత్తం. తరగతి అంతా నా ముఖంలోకి చూసింది. అర్థం ఏంటి సార్ అని అడిగారు. రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి, రాసుకోండి అన్నాను.

మెస్సువాడికి మళ్లీ చెప్పాను. దేశం కోలుకుంది.

వానలు పట్టాక ఒక సాయంత్రం అక్క ఫోన్ చేసింది. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. ఎక్కినందుకు ఆమె ఆయాసపడటం లేదు, అది నేను చెవి పెట్టి మరీ విన్నాను.

"ఇత్తనాలు సల్లిన తమ్ముడా! నాగలి నేనే వట్టిన. మరిది గట్టు మీద నిలవడి చూసి, నోరెత్తకుండ వోయిండు."

"గోలీలు వేసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న. నువ్వేం జేస్తున్నవు?"

"కూసున్న."

"తిన్నవా?"

"డబ్బా వచ్చింది."

ఆమె గొంతు మార్చి, అచ్చం గట్టు మీది మేస్త్రిలా గద్దించింది: "ఏందిరో, ఆరాంగున్నవా?"

"నై సార్" అన్నాను. "ఆరాం నై."

నేను జవాబిచ్చింది డాక్టరు అడిగే ఆరాంకు. మేస్త్రి అడిగే ఆరాంకనుకుని అక్క పడీ పడీ నవ్వింది. నవ్వుతుండగానే సిగ్నల్ పోయింది.